డ్రమ్ కిట్‌ని కాళ్ల దగ్గర నుంచి చూసుకుంటూ రండి

గుంటూరు బ్రాడీపేటలో మాది మూడో అంతస్తు ఫ్లాట్. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు డ్రమ్స్ నేర్పుతాను. ఆదివారం చర్చిలో వాయిస్తాను, తొమ్మిదేళ్లుగా. వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, తల్లిదండ్రులు ఏదో ఒక ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ (ప్యాడ్‌లు కొడితే హెడ్‌ఫోన్‌లో డ్రమ్స్ శబ్దం వచ్చేది) ఫొటో పంపి అడుగుతారు: "మాస్టారూ, ఇందులో నాలుగొందల సౌండ్లున్నాయంట, తీసుకోమంటారా?" నేను తిరిగి అడిగేది ఒకటే: "దాని కిక్ పెడల్ ఎలా ఉందండీ?" కిక్ అంటే కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్.

కొనేటప్పుడు చాలామంది కిట్‌ని పైనుంచి కిందకు చూస్తారు. ముందు సౌండ్లన్నీ ఉండే పెట్టె, అంటే మాడ్యూల్. తర్వాత సింబల్స్ (తాళాల్లాంటి పళ్లాలు) ఎన్ని, టామ్స్ (పక్కనుండే డ్రమ్‌లు) ఎన్ని అని లెక్క. పెడల్స్ దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. కానీ మొదటి ఏడాదంతా కష్టపడేది రెండు కాళ్లు, హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే సింబల్స్ జత) మీద కుడి చెయ్యి, స్నేర్ (మోకాళ్ల మధ్య ఉండే డ్రమ్) మీద ఎడమ చెయ్యి. నా దగ్గర నేర్చుకునే పిల్లలెవరూ ఏడాది మొత్తంలో రెండు మూడు సౌండ్లకు మించి వాడలేదు. అందుకే కింద నుంచి మొదలుపెట్టమంటాను.

కిక్ రెండు రకాలుగా వస్తుంది. ఒకదాంట్లో నిలబెట్టిన చిన్న ప్యాడ్, దాని ముందు స్ప్రింగ్, బీటర్ (ప్యాడ్‌ని కొట్టే చిన్న సుత్తి లాంటిది) ఉన్న మామూలు పెడల్ ఉంటాయి. రెండోదాంట్లో బీటరే ఉండదు, కాలితో నొక్కితే లోపలి సెన్సర్ పసిగడుతుంది. నేను మొదట కొన్నది ఈ రెండో రకం. "రెండూ ఒకటే బాబూ" అన్నాడు అమ్మినాయన, నమ్మాను. నాలుగు నెలలు ఇంట్లో బాగా సాధన చేసి చర్చిలో అసలు డ్రమ్స్ ముందు కూర్చున్నాను. బీటర్ వెళ్లి తోలుకు తగిలి వెనక్కి వచ్చే ఆ బరువు నా కాలికి అస్సలు పరిచయం లేదు. పల్లవి రెండోసారి వచ్చేసరికి నా కిక్ ముందుకు పరిగెత్తింది, పాడేవాళ్లు వెనకబడ్డారు. ఆ కాలిని సరిచేసుకోవడానికి మరో మూడు నెలలు పట్టింది. చర్చిలోనో బ్యాండులోనో మామూలు డ్రమ్స్ వాయించాలన్న ఆలోచన ఉంటే బీటర్ ఉన్నదే తీసుకోండి. ఒకే కంపెనీ ఒకే వరుసలో రెండు రకాలూ అమ్ముతుంది, కాబట్టి పేరు చివరి అంకెలు కూడా చదవండి. ఉదాహరణకు యమహా డీటీఎక్స్ 402కె లో బీటర్ లేని పెడల్ వస్తుంది, 432కె లో కిక్ ప్యాడ్, పెడల్ విడివిడిగా వస్తాయి. బీటర్ లేనిది చప్పుడు తక్కువ చేస్తుంది, ఆ మాట నిజమే. చప్పుడు సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఎడమ కాలు. హై-హ్యాట్ పెడల్‌ని షాపులోనే పరీక్షించాలి. కుడిచేత్తో ప్యాడ్ మీద మెల్లగా, సమానంగా కొడుతూ, ఎడమ కాలిని పైనుంచి కిందకు నిదానంగా, నాలుగు లెక్కపెట్టేంత సేపు నొక్కుతూ రండి. తెరిచిన హై-హ్యాట్ 'ఝ్‌ష్‌ష్' అంటుంది. కాలు దిగేకొద్దీ ఆ శబ్దం కొంచెం కొంచెంగా బిగుసుకుని చివరికి 'టిక్' అనాలి. మధ్యలో ఏమీ లేకుండా 'ఝ్‌ష్' నుంచి ఒక్కసారిగా 'టిక్'కి దూకితే అది స్విచ్ లాంటి పెడల్. సగం తెరిచి వాయించే పాట వచ్చినప్పుడు అది మీకు పనికిరాదు. చేత్తో కొట్టకుండా కాలితో గట్టిగా మూసినప్పుడు కూడా 'చిక్' అని వినపడాలి. ఈ ఒక్క పరీక్షకు పది నిమిషాలు కేటాయించండి, సేల్స్ కుర్రాడు పక్కన నిలబడి ఉన్నా మొహమాట పడకండి.

స్నేర్ దగ్గరకు వద్దాం. రబ్బరు ప్యాడ్, మెష్ ప్యాడ్ అని రెండు మాటలు వింటారు. మెష్ అంటే సన్నటి వల. రోలాండ్ కంపెనీ వాళ్లు 1997లో టీడీ-10 కిట్‌తో తెచ్చారు, ఇప్పుడు మొదటిసారి కొనేవాళ్ల కిట్లలో కూడా వస్తోంది. రబ్బరు మీద కర్ర టకటకమంటుంది, గంటసేపు వాయిస్తే మణికట్టు చెబుతుంది. మెష్ మెత్తన, చప్పుడు తక్కువ. కాకపోతే అసలు డ్రమ్ కన్నా కర్రను ఎక్కువ ఎగరేస్తుంది. స్నేర్ వరకైనా మెష్ ఉండాలని నా అభిప్రాయం. టామ్స్ రబ్బరువైనా ఫరవాలేదు. సైజు కూడా చూడండి. అసలు స్నేర్ 14 అంగుళాలు ఉంటుంది. చిన్న కిట్లలో 8 అంగుళాలతో సరిపెడతారు. అలేసిస్ నైట్రో మ్యాక్స్‌లో స్నేర్ 10 అంగుళాలు. ఆ రెండు అంగుళాలు కొత్త చేతికి చాలా తేడా.

కర్రను ప్యాడ్ మీద రెండు వేళ్ల ఎత్తు నుంచి వదలండి. అంత చిన్న దెబ్బకీ చిన్న శబ్దం పలకాలి. తర్వాత నడిమధ్యన, అంచుకు దగ్గరగా, ఒకే బలంతో కొట్టి చూడండి. మెష్ కింద నడిమధ్యన సెన్సర్ ఉంటే అక్కడ మాత్రం పెద్దగా పలికే కిట్లు ఉంటాయి. వల వదులుగా ఉంటే ఇది ఇంకా ఎక్కువ. డప్పును సెగ చూపించి బిగించినట్టు దీన్ని డ్రమ్ కీతో చుట్టూ సమానంగా బిగించాలి, అప్పటికీ తగ్గకపోతే ఆ కిట్ వదిలేయండి. స్నేర్ అంచు మీద కొడితే వేరే శబ్దం రావాలి. చర్చిలో నెమ్మది పాటలకు ఆ 'టక్' లేకపోతే సగం పని ఆగిపోతుంది. క్రాష్ సింబల్‌ని కొట్టి అంచు పట్టుకుంటే శబ్దం ఆగాలి. టామ్ కొడితే పక్క సింబల్ దానంతటదే మోగుతుంటే మాడ్యూల్‌లో సెన్సిటివిటీ తగ్గించి చూడండి.

మాడ్యూల్‌లో కావాల్సినవి కొన్నే: మెట్రోనోమ్ (టిక్‌టిక్ అంటూ తాళం వేగం చెప్పేది), హెడ్‌ఫోన్ జాక్, ఫోన్ నుంచి పాట పెట్టుకునే దారి, యూఎస్‌బీ. యూఎస్‌బీ ఉంటే రేపు ల్యాప్‌టాప్‌కి కలిపి ఇంకా మంచి సౌండ్లు వాడుకోవచ్చు. హెడ్‌ఫోన్ మాత్రం వైరుదే కావాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. సినిమా చూసేటప్పుడు తెలియకపోవచ్చు గానీ డ్రమ్స్‌కి అది విషం, పిల్లవాడు తన తాళం మీదే నమ్మకం పోగొట్టుకుంటాడు. బ్లూటూత్‌లో పాటను మాడ్యూల్‌కి పంపడం వేరు, దానితో ఇబ్బంది లేదు.

ఇప్పుడు చప్పుడు. "హెడ్‌ఫోన్ ఉంది కదా, ఎవరికీ వినపడదు" అనుకుంటారు. బీటర్ ఉన్న కిట్ తెచ్చిన మొదటి వారంలోనే కింది ఫ్లాట్ పిన్నిగారు పైకొచ్చి, "ఏం బాబూ, రాత్రిపూట గోడకు మేకులు కొడుతున్నావా?" అని అడిగారు. గాల్లో వెళ్లే చప్పుడు తక్కువే. బీటర్ దెబ్బ పెడల్‌లోంచి నేలలోకి, నేలలోంచి కింది వాళ్ల శ్లాబులోకి దిగుతుంది. కార్పెట్ వేస్తే కిట్ జారకుండా ఉంటుంది గానీ ఆ దెబ్బ ఆగదు. నేను 18 ఎంఎం ప్లైవుడ్ 8x4 షీటు ఒకటి తెచ్చి రెండు 4x4 ముక్కలు కోయించాను. కింది ముక్కకు నాలుగున్నర సెంటీమీటర్ల కన్నాలు పెట్టించి ఒక్కోదాంట్లో ఒక టెన్నిస్ బంతి కూర్చోబెట్టాను, మొత్తం 25. పై ముక్క ఆ బంతుల మీద పడుకుంటుంది, దాని మీద కిట్. కిక్ కింద బంతులు దగ్గర దగ్గరగా పెట్టాలి. మళ్లీ వాయిస్తూ మా తమ్ముణ్ని పిన్నిగారి హాల్లో కూర్చోబెట్టాను. "ఫ్యాను తిరుగుతుంటే తెలియట్లేదురా" అన్నాడు. అయినా రాత్రి ఎనిమిది దాటాక కర్రలు పక్కన పెట్టేస్తాం.

బడ్జెట్ మొత్తం కిట్ మీదే పెట్టకండి. చాలా డబ్బాల్లో కూర్చునే స్టూల్, హెడ్‌ఫోన్ ఉండవు. ఆరో వంతు వీటి కోసం పక్కన ఉంచండి. ప్లాస్టిక్ కుర్చీ మీద నేర్చుకున్న పిల్లలకు నడుము వంగిపోతుంది, ఎత్తు మార్చుకునే డ్రమ్ స్టూలే కావాలి. కర్రలు 5ఎ సైజు, చిన్న పిల్లలకు 7ఎ. డబ్బు సరిపోకపోతే చుట్టి పెట్టుకునే సిలికాన్ డ్రమ్ షీట్లు మాత్రం కొనకండి. ఒక ప్రాక్టీస్ ప్యాడ్, జత కర్రలు కొని మూడు నెలలు చేయి తిప్పుకోండి, ఆలోపు డబ్బు కూడుతుంది.

సెకండ్ హ్యాండ్ తప్పేమీ కాదు. చాలా కిట్లలో వైర్లన్నీ ఒక లావుపాటి కేబుల్‌గా వచ్చి మాడ్యూల్‌లో దిగుతాయి. ఆ ప్లగ్గు పిన్నులు వంగలేదా, హెడ్‌ఫోన్ జాక్ కదిపితే గరగరమంటోందా చూడండి. ప్రతి ప్యాడ్‌నీ మీ చేత్తోనే కొట్టండి, అమ్మేవాళ్ల చేత కొట్టించకండి. ఇంటికి తెచ్చాక రోజూ పాత పంచె కప్పండి, మా ఊరి దుమ్ము వల సందుల్లోకి చేరితే వదలదు.

బిగించిన రోజు ముందు స్టూల్ సర్దండి, తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా వాలేలా. మెట్రోనోమ్ 60 మీద పెట్టండి. నోటితో 'త క ధి మి' అంటూ నాలుగక్షరాలకూ కుడిచేత్తో హై-హ్యాట్, 'త' మీద కిక్, 'ధి' మీద స్నేర్. ఇది ఐదు నిమిషాలు ఆగకుండా నడిచాక మాడ్యూల్‌లో రెండో సౌండ్ తెరవండి.