సముద్రతీరం వెంబడి బృందంగా మోటర్‌బోటు యాత్ర: ఎలా చేరాలి?

సొంతానికి ఓ చిన్న మోటర్‌బోటు కొనుక్కుని, ఇన్నాళ్లూ రేవు చుట్టుపక్కలే తిరిగినవాళ్లకు బృందయాత్ర చాలా మంచి అవకాశం. నాలుగైదు బోట్లు కలిసి తీరం వెంబడి కొంత దూరం వెళ్తాయి. మధ్యలో అలలు తక్కువగా ఉన్న చోట లంగరు వేసుకుని భోంచేసి, సాయంత్రానికి తిరిగొస్తాయి. ఒంటరిగా వెళ్లడానికి జంకే దూరాలకు కూడా పక్కన తోడుంటే ధైర్యంగా వెళ్లొచ్చు.

ఆ ధైర్యంతో పాటే ఓ పొరపాటు కూడా వచ్చి చేరుతుంది. "ముందున్నాయన చూసుకుంటాడులే" అని మనం చూడటం మానేస్తాం. బృందంలో ఎన్ని బోట్లున్నా మీ బోటుకి సరంగు మీరే. మీ ఇంధనం, మీ దారి, మీ బోటులో ఉన్నవాళ్ల ప్రాణాలు మీ బాధ్యతే. కింద చెప్పే ప్రతి పనినీ ఈ మాట గుర్తుంచుకుని చేయండి.

1. మీ వేగానికి సరిపోయే బృందాన్ని ఎంచుకోండి

చేరే ముందు బృందం నాయకుణ్ణి మొదట అడగాల్సింది: "ఎంత వేగంతో వెళ్తారు?" బృందం ఎప్పుడూ అందరికన్నా నెమ్మదైన బోటు వేగంతోనే నడవాలి. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ మోటర్‌బోట్ల విషయంలో ఇందులో ఓ చిక్కుంది.

కొన్ని బోట్లు నీటిని చీల్చుకుంటూ ఏడెనిమిది నాట్ల వేగంతో మాత్రమే వెళ్తాయి. మరికొన్ని తగినంత వేగం అందుకోగానే నీళ్లపైకి లేచి జారుతూ పోతాయి. దాన్నే ప్లేనింగ్ అంటారు. ఈ రెండో రకం బోటును మధ్యస్థంగా పది పన్నెండు నాట్ల దగ్గర నడిపితే ముక్కు పైకి లేస్తుంది, ముందు ఏముందో కనిపించదు, వెనక పెద్ద అల లేస్తుంది, ప్రతి మైలుకీ ఇంధనం ఎక్కువ తాగుతుంది. అంటే కాస్త తగ్గి నడుద్దామన్నా అన్నిసార్లూ కుదరదు. హాయిగా నడవాలంటే బాగా నెమ్మదిగానైనా పోవాలి, లేదా పైకి లేచి పోవాలి. అందుకే మీ బోటు తీరుకి దగ్గరగా ఉన్న బోట్లతోనే మొదటి యాత్ర చేయండి. (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.)

ఇంకా అడగాల్సినవి: చివర నడిచే బోటు ఎవరిది, దాంట్లో లాగడానికి తాడు ఉందా, వాతావరణం బాగోకపోతే యాత్ర రద్దు చేసే నిర్ణయం ఎవరిది, మధ్యలో ఆగిపోయి తలదాచుకోవడానికి రేవులు ఎక్కడెక్కడ ఉన్నాయి. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన నాయకుడు ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు. "అక్కడ చూసుకుందాం లెండి" అన్నారంటే ఆ బృందంతో వెళ్లొద్దనే నేను చెబుతాను.

2. ఇంధనం లెక్క మీరే వేసుకోండి

మూడు భాగాల లెక్క అందరికీ తెలిసిందే: పోవడానికి ఒక భాగం, రావడానికి ఒక భాగం, అత్యవసరానికి ఒక భాగం. ఉదాహరణకి గమ్యం 30 నాటికల్ మైళ్ల దూరం. మీ బోటు 20 నాట్ల వేగంతో గంటకు 40 లీటర్లు తాగుతుంది. పోవడానికి గంటన్నర, అంటే 60 లీటర్లు. రావడానికి మరో 60. అత్యవసరానికి ఇంకో 60. ట్యాంకులో 180 లీటర్లుంటేనే బయలుదేరాలి. ఎదురుగాలిలో, అలల్లో ఈ ఖర్చు బాగా పెరుగుతుంది. ట్యాంకు మీటరు ముల్లును పూర్తిగా నమ్మొద్దు. బోటు ఊగుతుంటే ముల్లూ ఊగుతుంది. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో రాసుకుంటూ ఉంటే అసలు లెక్క తెలుస్తుంది.

3. బోటును సిద్ధం చేయడం

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. నా మొదటి బృందయాత్రలో బయలుదేరిన రెండు గంటలకు ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. వేగం పెంచితే ఆగిపోతోంది, తగ్గిస్తే నడుస్తోంది. చివరికి పూర్తిగా ఆగింది. కారణం ఇంధనం ఫిల్టర్. రేవు దగ్గర నెమ్మదిగా తిరిగినన్నాళ్లూ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదలలేదు. బయటి అలల్లో బోటు ఎగిరెగిరి పడేసరికి ఆ మడ్డి, నీళ్లు అంతా పైకి లేచి ఫిల్టర్‌కి అడ్డం పడ్డాయి. మారుద్దామంటే నా దగ్గర విడి ఫిల్టర్ లేదు. పది నిమిషాల్లో అయ్యే పనికి వెనక బోటు నన్ను రేవు దాకా లాక్కుంటూ రావాల్సి వచ్చింది. అందరి రోజూ పాడైంది.

అందుకే విడి ఫిల్టర్ ఒకటి కాదు, రెండు పెట్టుకోండి. రేవులో ఉన్నప్పుడే ఓసారి స్వయంగా మార్చి చూడండి. ఇంజన్ ఆపి, కింద ఓ గిన్నె పెట్టి, పాత ఫిల్టర్ విప్పాలి. కొత్తదాని రబ్బరు రింగుకి కాస్త నూనె రాసి, చేత్తోనే గట్టిగా బిగించాలి. అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయటివైపు బిగించేది) అయితే ఇంధనం గొట్టం మీద ఉన్న రబ్బరు బుడ్డిని అది గట్టిపడేదాకా పిసకాలి. ఒక్క చుక్క ఒలికినా తుడిచేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. బోటు అడుగుభాగంలో చేరి కూర్చుంటుంది. అందుకే ఇంజన్ లోపల ఉండే పెట్రోలు బోట్లలో స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నడపాలంటారు.

అవుట్‌బోర్డ్ స్టార్ట్ కాగానే వెనక సన్నటి ధారగా నీళ్లు బయటికి వస్తున్నాయో లేదో చూడండి. ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ధార సన్నబడినా, ఆగినా ఇంజన్ ఆపేయాలి. పంపులో తిరుగుతూ నీళ్లను తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్ కూడా విడిగా ఒకటి ఉంచుకోండి.

లైఫ్ జాకెట్లు అందరికీ ఉండాలి, ఒంటి మీదే ఉండాలి. తీరానికి దూరంగా వెళ్లేటప్పుడు నీళ్లలో తేల్చే బలం 150 న్యూటన్లు ఉన్న రకం మంచిది. 50 న్యూటన్లది ఈదేవాళ్లకు ఊతం మాత్రమే, స్పృహ తప్పినవాళ్లను వెల్లకిలా తిప్పదు. గాలి నిండే రకం అయితే లోపలి గ్యాస్ సిలిండర్‌ను చేత్తో తిప్పి చూడండి. వాడకంలో అది వదులవుతుంటుంది. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా బిగించుకోవాలి, లేకపోతే నీళ్లలో జాకెట్ ముఖం మీదికి జరిగిపోతుంది.

కిల్ కార్డ్ అంటే నడిపేవాళ్ల తొడకు చుట్టుకునే ఎర్రటి మెలికల తీగ. వాళ్లు సీటు నుంచి ఎగిరిపడితే అది ఊడి ఇంజన్ ఆగిపోతుంది. బయలుదేరే ముందు లాగి చూసి, నిజంగా ఇంజన్ ఆగుతోందని నిర్ధారించుకోండి. "రెండు నిమిషాలే కదా" అని ఎప్పుడూ విప్పొద్దు.

4. గాలి, పోటు చూడటం

1805లో బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ గాలిని లెక్కగట్టడానికి ఓ కొలమానం తయారుచేశాడు. దాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. అందులో 4 అంటే 11 నుంచి 16 నాట్ల గాలి, మీటరు దాకా అల, సముద్రం మీద తరచుగా తెల్లటి నురగ. ఆరేడు మీటర్ల బోటుతో మొదటిసారి వెళ్లేవాళ్లు 4 దాకా రాకముందే వెనక్కి తగ్గడం మంచిదని నా అభిప్రాయం.

తీరం మీద నిలబడి చూస్తే సముద్రం నున్నగా కనిపించినా నమ్మకండి. గాలి నేల మీది నుంచి సముద్రంవైపు వీస్తుంటే ఒడ్డు దగ్గర అలలుండవు. దూరం వెళ్లేకొద్దీ అల పెరుగుతుంది, తిరిగి రావడం కష్టమవుతుంది. నీటి ప్రవాహం ఒకవైపు, గాలి దానికి ఎదురుగా ఉంటే అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. రేవు మొగ దగ్గర ఇది మరీ ఎక్కువ.

పోటు నుంచి ఆటుకి దాదాపు ఆరుగంటలు పడుతుంది. నీరు ఒకే తీరుగా తగ్గదు. మధ్య రెండు గంటల్లోనే మొత్తం తేడాలో దాదాపు సగం తగ్గిపోతుంది. అమావాస్య, పౌర్ణములకు ఈ తేడా ఇంకా పెద్దది. మీరు లంగరు వేసే సమయానికీ, తీసే సమయానికీ లోతు ఎంతుంటుందో ముందే కాగితం మీద వేసుకోండి.

5. బయలుదేరే ముందు సమావేశం

నాయకుడు దారి, వేగం, ఆగే చోట్లు, రేడియో ఛానల్ చెబుతాడు. రాసుకోండి. అర్థం కానిది అక్కడే అడగండి, మొహమాటపడొద్దు. మీకు కంగారుగా ఉంటే ఆ మాట కూడా చెప్పండి. మంచి నాయకుడు కొత్తవాళ్లను తన వెనకే, రెండో స్థానంలో పెట్టుకుంటాడు.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకు, మొదటి పలకరింపుకు 16వ ఛానల్. దాంట్లో కబుర్లు చెప్పకూడదు. బృందం మాటలకు 72 లాంటి వేరే ఛానల్ పెట్టుకుంటారు. ప్రాణాపాయం వస్తే 16లో "మేడే" అని మూడుసార్లు చెప్పి, బోటు పేరు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు అనేవి చెప్పాలి. టెన్షన్‌లో మాట తడబడుతుంది కాబట్టి ఈ వరసను ఓ అట్ట మీద రాసి రేడియో పక్కనే అంటించుకోండి. సెల్‌ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే దగ్గర్లో ఉన్న మిగతా బోట్లకు మీ పిలుపు వినపడదు.

ఒడ్డున ఉండే ఒక మనిషికి కూడా మీ దారి, తిరిగొచ్చే సమయం చెప్పి వెళ్లండి.

సముద్రం పడనివాళ్లుంటే వాంతుల మందు బయలుదేరడానికి ముందే వేసుకోవాలి, మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. నడిపేవాళ్లు మాత్రం మగత తెచ్చే మందు వేసుకోకూడదు.

6. నీళ్ల మీద

ముందు బోటుకి సరిగ్గా వెనక పోకండి. కాస్త పక్కకి జరిగి, మధ్యలో చాలినంత దూరం ఉంచండి. ఆ బోటు హఠాత్తుగా ఆగినా, అందులోంచి ఎవరైనా పడినా మీరు ఆపగలగాలి. దాని వెనక లేచే అలను దాటాల్సి వస్తే వేగం తగ్గించి ఏటవాలుగా దాటండి.

ముందు బోటు పోయిన చోటికల్లా మీదీ పోగలదనుకోవద్దు. దానికి 60 సెంటీమీటర్ల లోతు చాలు, మీ బోటుకి మీటరు కావాలి. పైగా నీరు తగ్గుతోంది. మీ చార్టు (సముద్రపటం), మీ లోతుమీటరు మీరే చూసుకోవాలి. బోయ్‌ల (దారి చూపడానికి నీళ్లపై తేలే గుర్తుల) రంగులు కూడా తెలిసుండాలి. సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయ్ ప్రపంచంలో చాలాచోట్ల మీ ఎడమపక్క ఉండాలి. అమెరికా ఖండాల్లో, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లలో మాత్రం కుడిపక్క.

బృందంలో ఉన్నంత మాత్రాన దారి నియమాలు మారవు. 1972లో కుదిరి 1977 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమాల ప్రకారం రెండు మోటర్‌బోట్లు ఎదురుపడితే రెండూ కుడికి తిరగాలి. అడ్డంగా వచ్చే మోటర్‌బోటు మీ కుడివైపు ఉంటే మీరే దారి ఇవ్వాలి. వెనక నుంచి వచ్చి దాటి వెళ్లే బోటే తప్పుకోవాలి. బృందం విడిపోతుందేమోనని పక్కనుంచి వచ్చే ఓడ ముందు నుంచి దూరిపోవడం చాలా ప్రమాదం. ఆగండి. మిగతావాళ్లు మీకోసం ఆగుతారు.

వేగం ఎక్కువైందనిపించినా, బోటులో పిల్లలు భయపడుతున్నా రేడియోలో "కాస్త తగ్గించండి" అనేయండి. వెనక్కి వెళ్లిపోవాలనిపిస్తే అదీ చెప్పండి. చెప్పకుండా మాత్రం వెళ్లొద్దు, మీకోసం వాళ్లు వెతుకుతూ ఉంటారు.

7. లంగరు, పక్కపక్కన కట్టడం

భోజనాల దగ్గర బోట్లన్నీ పక్కపక్కన కట్టుకోవడం యాత్రలో అందరికీ ఇష్టమైన భాగం. ముందు అన్నిటికన్నా పెద్ద బోటు లంగరు వేసి, అది గట్టిగా పట్టిందని చూసుకున్నాకే మిగతావి దగ్గరికి రావాలి. గొలుసు మాత్రమే ఉంటే లోతుకి నాలుగైదు రెట్లు, తాడు అయితే ఏడు రెట్లు వదలాలి. లోతును పోటు నీటితో సహా లెక్కించాలి.

దగ్గరికి వెళ్లే ముందే రెండు పక్కలా ఫెండర్లు (బోట్లు ఒరుసుకోకుండా ఆపే మెత్తలు) వేలాడదీసి, తాళ్లు చేతికందేలా పెట్టుకోండి. గాలికి ఎదురుగా, నడక వేగంతో రండి. రెండు బోట్ల మధ్య చేయి, కాలు పెట్టి ఎవరూ ఆపకూడదు. టన్నుల బరువుండే బోటు చిన్న అలకే వేళ్లు నలిపేస్తుంది. ముందు, వెనక తాళ్లతో పాటు ఏటవాలుగా ఒకటి రెండు తాళ్లు కడితే బోట్లు ముందుకీ వెనక్కీ జరగవు. గాలి పెరిగితే వెంటనే విడిపోవాలి. రాత్రి బస అయితే ఎవరి లంగరు మీద వాళ్లుండటమే క్షేమం.

ఏ ఒక్క బోటులో ఇంజన్‌గానీ జనరేటర్‌గానీ నడుస్తున్నా వెనక మెట్ల దగ్గర ఎవరూ ఈదకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. దాన్ని పీల్చినవాళ్లు చప్పుడు చేయకుండానే మునిగిపోతారు.

8. తిరిగి వచ్చాక

రేవులోకి రాగానే చేరామని నాయకుడికి చెప్పండి. అందరి లెక్కా తేలేదాకా ఆయన రేడియో ఆపడు. ఇంజన్‌లోకి మంచినీళ్లు పంపి పది పదిహేను నిమిషాలు కడిగితే ఉప్పు పోతుంది. ఫిల్టర్‌లో నీళ్లు, మడ్డి చేరాయేమో అప్పుడే చూడండి. ఇంటికి బయలుదేరే ముందు, ఒడ్డున మీ దారి, సమయం చెప్పి వెళ్లిన మనిషికి ఫోన్ చేసి వచ్చేశామని చెప్పండి. మీ నుంచి ఫోన్ రాకపోతే ఆ మనిషి రక్షణ సిబ్బందికి చెబుతారు, వాళ్లు చీకట్లో మిమ్మల్ని వెతకడానికి బయలుదేరతారు.