కొత్త కారు కొందాం – 3వ పాఠం: స్టార్ల లెక్క వేరు, ప్రీమియం లెక్క వేరు

గత పాఠంలో బడ్జెట్ తేల్చుకుని మూడు నాలుగు కార్ల పేర్లు రాసుకున్నారు కదా. ఈసారి ఆ పేర్ల పక్కన రెండు గళ్లు గీయండి: ఒకటి భద్రతకు, ఇంకొకటి బీమాకు. ‘ఫైవ్ స్టార్ కారండీ, ఇన్సూరెన్స్ కూడా కలిసొస్తుంది’ అని షోరూములో ఎవరైనా అంటే విని ఊరుకోండి. థర్డ్ పార్టీ బీమా (మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తప్పనిసరిగా తీసుకోవాల్సినది) రేట్ల పట్టికలో భద్రతా స్టార్ల ఊసే లేదు, పెట్రోలు, డీజిల్ కార్లకు అది చూసేది ఇంజను సీసీ ఒక్కటే.

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ వరకు రూ.6,521, 1,500 సీసీ వరకు రూ.10,640, ఆపైన రూ.24,596. జీఎస్టీ అదనం. 1,199 సీసీ పెట్రోలు నెక్సాన్, 1,956 సీసీ డీజిల్ హారియర్ రెండూ భారత్ ఎన్‌క్యాప్‌లో (కార్లను ఢీకొట్టించి భద్రతకు స్టార్లిచ్చే మన దేశపు పరీక్షలో) అయిదు స్టార్లు తెచ్చుకున్నవే. అయినా ఈ ఒక్క పద్దులోనే రూ.13,956 తేడా. 998 సీసీ టర్బో ఇంజను ఎంత జోరుగా లాగినా అట్టడుగు రేటే పడుతుంది.

ఇక భద్రత గడి. స్టార్ల సంఖ్య మాత్రమే రాసి వదిలేయకండి. భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకు 32, పిల్లల రక్షణకు 49 మార్కులు. అయిదు స్టార్లకు వరుసగా కనీసం 27, 41 రావాలి. అందుకే రెండు అయిదు స్టార్ల కార్ల మధ్య కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండవచ్చు. ముందు నుంచి ఢీకొట్టించే పరీక్షలో వేగం గంటకు 64 కిలోమీటర్లు. పెద్దవాళ్ల బొమ్మలను కూర్చోబెట్టేది ముందు సీట్లలోనే. అమ్మానాన్నలను వెనుక కూర్చోబెట్టుకుని తిరిగేవారు ఆ మార్కులతో సరిపెట్టుకోకుండా స్వయంగా వెనుక సీట్లోకి ఎక్కి చూడాలి. మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? తల ఆనించుకునే దిండు ఉందా? ఈ పరీక్ష ఐచ్ఛికం కాబట్టి, స్టార్లు లేని కారు తప్పిందని కాదు, పరీక్షకు రాలేదేమో.

భద్రతకూ బీమాకూ నిజంగా ముడిపడే చోటు ఒకటుంది: మరమ్మతు. బంపరు పగిలిందనుకోండి, దాని ఖరీదు రూ.12,000 అనుకుందాం. మామూలు సమగ్ర పాలసీలో (మన కారుకు జరిగే నష్టానికీ వర్తించేది) ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కింద కోసేస్తారు. అంటే రూ.6,000 మీదే. దానికి తోడు 1,500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములోనూ రూ.1,000 తప్పనిసరిగా మీరే భరించాలి. మొత్తం రూ.7,000. అదే జీరో డిప్రిసియేషన్ (తరుగు కోత లేకుండా చేసే అదనపు రక్షణ) తీసుకుని ఉంటే, ఆ వెయ్యితో పోతుంది. ముందున్న వాహనాన్ని గుర్తించి బ్రేకు వేసే వ్యవస్థలున్న కార్లలో అద్దం వెనుక కెమెరా, కొన్నింటిలో బంపరు దగ్గర రాడార్ ఉంటాయి. అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్లీ సరిచూసి అమర్చాలి. ప్రాణం కాపాడే పరికరమే చిన్న దెబ్బకు బిల్లు పెంచుతుంది. నన్నడిగితే ఆ పరికరం వదులుకోవద్దు, జీరో డిప్రిసియేషనూ వదులుకోవద్దు. తగ్గించుకోవాలంటే సన్‌రూఫ్ తగ్గించుకోండి.

కొటేషన్‌లో ఐడీవీ (బీమా కోసం లెక్కగట్టిన కారు విలువ) అనే అంకెపై వేలు పెట్టి చూడండి. కారు దొంగతనానికి గురైతే చేతికి వచ్చే సొమ్ముకు అదే ఆధారం. కొత్త కారుకు ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం ఉండాలి. ప్రీమియం తక్కువగా కనిపించిందంటే చాలాసార్లు కోత పడింది ఇక్కడే. షోరూములోనే బీమా కొనాలన్న నిబంధన లేదు.

ఈ వారం అభ్యాసం: జాబితాలోని ప్రతి కారుకు ముందు బంపరు, హెడ్‌లైటు, ముందు అద్దం ధరలు సర్వీసు సెంటర్లో అడిగి రాసుకోండి. అమ్మకాల విభాగంలో అడిగితే ఎవరూ చెప్పరు, విడిభాగాల కౌంటరుకే వెళ్లండి. తర్వాత ఒకే ఐడీవీ, ఒకే రకం అదనపు రక్షణలతో షోరూము నుంచి ఒకటి, బయటి కంపెనీల నుంచి రెండు కొటేషన్లు తీసుకుని పక్కపక్కన పెట్టండి. పాత కారు అమ్మేవారు దాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు) కాగితం పారేయకండి. దాన్ని కొత్త పాలసీకి మార్చుకోవడం వచ్చే పాఠంలో.