మూడో తరగతికి చైనీస్ చెప్పాలంటే తెలుగు మీదుగా వెళ్లండి

వరంగల్, హనుమకొండ బడుల్లో చైనీస్ మొదలుపెట్టే టీచర్లు పాఠాన్ని ఇంగ్లిష్‌లో వివరిస్తారు. కష్టం అక్కడే మొదలవుతుంది. చైనీస్ శబ్దాలను ఇంగ్లిష్ అక్షరాలతో రాసే పిన్‌యిన్ పద్ధతి 1958లో వచ్చింది. అందులో ‘బి’ కనబడగానే పిల్లలు ‘బ’ అంటారు, కానీ అది మన ‘ప’కు దగ్గర. అట్లనే ‘డి’ అంటే ‘త’, ‘జి’ అంటే ‘క’. పి, టి, కె కూడా ఇవే శబ్దాలు, కాకపోతే గాలి గట్టిగా వదలాలి. ‘ఫ’ అని రాయించకండి, పిల్లలు దాన్ని ఫ్యాన్‌లోని ‘ఫ’ చేస్తారు. పెదవులకు బెత్తెడు దూరంలో కాగితం ముక్క పట్టించండి. పి అంటే కదలాలి, బి అంటే కదలొద్దు.

‘జెడ్’ శబ్దం ‘చలి’లోని ‘చ’. ఇంట్లో ‘సలి’ అనే పిల్లలుంటే ముందు ‘చలి’ అనిపించండి. ‘జె’ మాత్రం ‘చిన్న’లోని ‘చ’. ఈ తేడా ఇంగ్లిష్‌తో చెప్పబోతే అరగంట పడుతుంది. మొదటి నాలుగు వారాలు పిన్‌యిన్ బోర్డు మీద రాయకపోవడమే మంచిది, చెవి ముందు కుదరాలి.

స్వరాలు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, నాలుగు. ‘మా’ను పైన సమంగా లాగితే అమ్మ, ‘ఏందీ?’ అన్నట్టు పైకి లేపితే నార, కిందికి దింపితే గుర్రం, ‘పో!’ అన్నట్టు కొట్టినట్టు అంటే తిట్టడం. రోజూ ఐదు నిమిషాలు చేత్తో గాలిలో గీయించండి. పలికించే ముందు వినిపించి, ఎన్నోదో వేళ్లతో చూపమనండి. ఎక్కువ తప్పు మూడోదానిలో వస్తుంది. చివర పైకి లేపి రెండోదాన్ని చేస్తారు. అందుకే ‘కిందికి దిగి అక్కడే ఆగు’ అని చెప్పండి. మూడో స్వరమే పక్కపక్కన రెండుసార్లు వస్తే మొదటిది రెండో స్వరమవుతుంది. ‘నీ హావ్’ (నమస్తే) అనే మాటలో జరిగేది ఇదే.

చుట్టరికాలు మన పిల్లలకు సులువు, ఇంగ్లిష్ కలిపేసే అన్న, తమ్ముడు, అక్క, చెల్లె చైనీస్‌లో వేరువేరు. బాపమ్మ నాయ్‌నాయ్, అమ్మమ్మ వాయ్‌పో. అంకెలూ అంతే: పదకొండు అంటే పది-ఒకటి, ఇరవై అంటే రెండు-పది.

వారానికి రెండు పీరియడ్లుంటే ఒకటి నాలుగు కొత్త మాటలకు, ఇంకోటి పాతవాటికే. పిల్లల చైనీస్ పరీక్ష వైసీటీ మొదటి స్థాయికి 80 మాటలు, అంటే 20 వారాలు.

రాతకు లెక్కల గళ్ల నోటుబుక్కు చాలు. రెండు వరుసల్లో నాలుగు గళ్లు కలిపి గీస్తే ఒక అక్షరానికి సరైన గడి. తెలుగు వంపుకు అలవాటైన చేయి ‘నోరు’ అనే పెట్టె అక్షరాన్ని ఒకే గీతలో చుట్టేస్తుంది. దానికి గీతలు మూడు: ఎడమ నిలువు, పై నుంచి కుడికి మలుపు, ఆఖరికి అడుగు. ‘సూర్యుడు’లో లోపలి గీత పెట్టాకే అడుగు మూయాలి. వరుస తప్పితే తర్వాత అక్షరం కుదరదు, ఇక్కడ పట్టుబట్టండి.

వాక్యంలో ‘నీళ్లు తాగుతా’ అనే వరుస అడ్డొస్తుంది. చైనీస్‌లో ‘నేను–తాగు–నీళ్లు’. ముగ్గురు పిల్లలకు కార్డులిచ్చి నిలబెట్టండి, తెలుగు వరుసలో ఒకసారి చదివించి, చివరి ఇద్దరినీ చోటు మార్చి మళ్లీ చదివించండి.