ఇంజన్ ఆపినా లిఫ్ట్ దిగుతుంది: మినీ ట్రాక్టర్ సర్వీసు ఇంట్లోనే చేసుకునేవాళ్లకి జాగ్రత్తలు

పోయిన వారం మాకు బాగా తెలిసిన ఒకాయన కుడి చెయ్యి మణికట్టు పైన నలిగిపోయింది. పొలంలో కాదు, ట్రాక్టర్ నడుపుతూ కాదు. ఇంటి ముందు, ఇంజన్ ఆపేసి ఉన్న మినీ ట్రాక్టర్ దగ్గర. దుక్కులు మొదలయ్యేలోపు సర్వీసు ముగించుకుందామని కూర్చున్నాడు, రోటావేటర్ (ట్రాక్టర్ వెనక తగిలించే, తిరిగే బ్లేడ్లతో మట్టిని దున్నే పరికరం) బ్లేడ్లకి చుట్టుకున్న గడ్డీ నైలాన్ తాడూ కోసి తీయడానికి లిఫ్ట్ (దాన్ని ఎత్తి దించే వెనక చేతులు) పైకెత్తి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని కింద దూరాడు. వాళ్లబ్బాయి టార్చిలైటు అందిద్దామని సీటు పక్క నుంచి వంగితే మోచెయ్యి హైడ్రాలిక్ లివర్‌కి తగిలింది. ఆస్పత్రికి చూడ్డానికి వెళ్తే ఆయనది ఒకటే మాట: "ఇంజన్ ఆపేశాను కదన్నా, మరి ఎలా దిగింది?"

ఈ మాట నేను ఇంతకుముందు కూడా విన్నాను, వేరే ఇద్దరి నోట. అందుకే ఇది రాస్తున్నాను. ఆయిల్ ఎన్ని గంటలకి మార్చాలి, ఏ నిప్పుల్‌కి గ్రీజు కొట్టాలి అన్నవి బండితో వచ్చిన పుస్తకంలో ఉంటాయి, అందులో చూసుకోండి.

లిఫ్ట్ ఎలా దిగుతుందంటే

పైకెత్తడానికి ఇంజన్ కావాలి. దిగడానికి అక్కర్లేదు. ఇంజన్ తిప్పే పంపు సిలిండర్‌లోకి ఆయిల్ తోస్తుంది, పిస్టన్ కదిలి లిఫ్ట్ చేతులు లేస్తాయి, ఇంజన్ ఆపాక ఆ ఆయిల్ వెనక్కి రాకుండా ఒక వాల్వు మూసుకుని ఉంటుంది. రెండొందల కిలోల ఇనుమును మీ మీద పడకుండా ఆపుతున్నది ఆ వాల్వూ, లోపల ఉన్న రబ్బరు సీలూ మాత్రమే. లివర్ కాస్త కిందికి జరిగితే చాలు, వాల్వు తెరుచుకుంటుంది, రోటావేటర్ తన బరువుతో తానే ఆయిల్‌ని బయటికి నెట్టి దిగిపోతుంది. చెయ్యి వెనక్కి లాక్కునేంత టైమ్ ఉండదు.

లివర్ ఎవరూ ముట్టుకోకపోయినా సీలు అరిగితే దానంతటదే జారుతుంది. అనుమానం ఉంటే ఈ రోజే చూడండి. రోటావేటర్ పూర్తిగా ఎత్తి, ఇంజన్ ఆపి, కిందికి పోకుండా పక్కన నిలబడి ఒక కర్రని దాని అంచు పక్కన నేలకి గుచ్చి, అంచు ఎంత ఎత్తులో ఉందో సుద్దముక్కతో గీత పెట్టండి. గంట తర్వాత వచ్చి చూడండి. మా బండికి ఇలా చేస్తే నాలుగు వేళ్ల మందం కిందికి జారి ఉంది, అప్పటిదాకా లిఫ్ట్ గట్టిగా ఉందనే నేనూ అనుకున్నాను.

కొన్ని బండ్లకి సీటు కింద, లిఫ్ట్ దిగే వేగం తగ్గించే నాబ్ ఒకటి ఉంటుంది. పూర్తిగా బిగిస్తే లిఫ్ట్ దిగదు. రోడ్డు మీద వెళ్లేటప్పుడు అది మంచిదే. కానీ "నాబ్ బిగించాను, ఏం కాదు" అని కింద దూరేవాళ్లని చూశాను. అది కూడా ఆయిల్‌ని ఆపే వాల్వే. ఆయిల్ మీద నిలబడిన ఏ బరువు కిందికీ వెళ్లకండి.

మరి బ్లేడ్లు ఎలా మార్చాలి అంటే, రోటావేటర్ ఎత్తి, గట్టి స్టాండ్లు రెండువైపులా ఫ్రేము కింద పెట్టి, ఆ తర్వాత లివర్ మీరే దించి బరువంతా స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. చేతులతో తోసి ఊపి చూడండి, కదలకూడదు. ఇప్పుడు లివర్ ఎవరు తాకినా దిగడానికి ఏమీ మిగలదు. కింద దూరే ముందు పీటీవో షాఫ్ట్ (ఇంజన్ నుంచి రోటావేటర్‌ని తిప్పే కడ్డీ) కూడా ఊడదీయండి, రెండు నిమిషాల పని. స్టాండ్లు లేకపోతే మందపాటి చెక్క దిమ్మలు అడ్డంగా నిలువుగా పేర్చి వాడండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు, అవి పగిలేముందు ఏ గుర్తూ ఇవ్వవు.

జాకీ పెట్టి చక్రం ఎత్తేటప్పుడు

జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. హైడ్రాలిక్ జాకీ అయితే అది కూడా ఆయిలే. ఎత్తగానే స్టాండు పెట్టి బరువు దాని మీదకి దించాలి. మట్టి నేల అయితే జాకీ కింద వెడల్పాటి మందపు పలక ఉండాలి, లేకపోతే ఒకవైపుకి దిగబడి పక్కకి ఒరుగుతుంది.

ఎక్కువమంది మర్చిపోయేవి రెండున్నాయి. మొదటిది, గేరులో ఉంది కదా బండి కదలదు అనుకోవడం. ఒక వెనక చక్రం గాల్లోకి లేస్తే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) వల్ల నేల మీద ఉన్న రెండోది దొర్లిపోగలదు, గేరు దాన్ని పట్టి ఉంచదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టాకే జాకీ ముట్టుకోండి. రెండోది ముందు ఇరుసు. అది మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది, గతుకుల్లో చక్రాలు నేల వదలకుండా ఉండటానికి అలా చేశారు. వెనకవైపు ఎత్తినప్పుడు ఇదే ప్రమాదం, ముందు చక్రాలు రెండూ నేల మీదే ఉన్నా బాడీ ఆ పిన్ను మీద పక్కకి ఒరిగిపోతుంది. ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య రెండువైపులా చెక్క ముక్కలు కొట్టి బిగించండి. అప్పుడు ఊగదు.

వెనక టైర్లలో నీళ్లు నింపి ఉంటే ఆ చక్రాన్ని ఒక్కరే ఊడదీయకండి. పడుతున్న చక్రాన్ని పట్టుకోబోవద్దు, తప్పుకోండి.

డీజిల్ లీకులు

ఇంజక్టర్ పైపు దగ్గర చెమ్మ కనిపిస్తే వేలితో తడిమి చూసే అలవాటు చాలామందికి ఉంది. పాత రకం పంపుల్లో కూడా ఇంజక్టర్ వంద బార్ల (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) పైన ప్రెషర్‌కి గానీ తెరుచుకోదు, కామన్ రైల్ (అన్ని ఇంజక్టర్లకీ ఒకే పైపు నుంచి డీజిల్ అందే కొత్త రకం) ఇంజన్లలో అది వెయ్యి బార్లు దాటుతుంది. సన్నటి చీలిక లోంచి వచ్చే డీజిల్ కంటికి కనిపించకుండానే చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టు చిన్న చుక్క, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు, లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. రేపు చూద్దాం అనుకుంటే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లి "ప్రెషర్‌తో డీజిల్ లోపలికి వెళ్లింది" అని ఇదే మాట చెప్పండి, చిన్న గాయమని కట్టు కట్టి పంపితే ఒప్పుకోకండి. లీకు ఎక్కడో చూడాలంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. హైడ్రాలిక్ పైపులకీ ఇదే వర్తిస్తుంది. అవి విప్పే ముందు లిఫ్ట్ నేలకి దించాలి, ఎత్తిన లిఫ్ట్ పైపు విప్పితే ఆయిల్ మొహాన కొడుతుంది, బరువు దిగిపోతుంది.

ఇక మిగతావన్నీ వరసగా చెప్పేస్తున్నాను

- పని మొదలుపెట్టే ముందు లిఫ్ట్ దించు, హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, ఇంజన్ ఆపు, తాళం తియ్యి. ఇదే వరస, రోజూ.
- స్టాప్ నాబ్ లాగి ఆపే బండ్లలో తాళం తీసినంత మాత్రాన ఇంజన్ ఆగదు. శబ్దం పూర్తిగా ఆగిందాకా చెయ్యి పెట్టకండి.
- సెల్ఫు మోటార్ దగ్గర స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేయకండి. ఎప్పుడూ. అలా చేస్తే క్లచ్ దగ్గర, గేరు దగ్గర ఉన్న సేఫ్టీ స్విచ్‌లని దాటేసినట్టే, గేరులో ఉన్నా ఇంజన్ అందుకుంటుంది, మీరు నిలబడ్డ చోటు సరిగ్గా వెనక చక్రం దారిలో ఉంటుంది. సీట్లో కూర్చునే స్టార్ట్ చేయాలి.
- ఆ స్విచ్‌ల వైర్లు కలిపేసి ఉంటే ఈ సీజన్‌కి ముందే బాగు చేయించండి.
- బాటరీ తీసేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగటివ్. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, పక్కనే బాటరీ గ్యాసు ఉంటుంది. ఉంగరం, వాచీ తీసేయండి.
- వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకండి.
- ఇంజన్ ఆయిల్ గీత దాటి పోయకండి. ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టర్‌లో (గాలిలో దుమ్ముని ఆయిల్‌తో పట్టే ఫిల్టర్) గీత దాటి అసలే పోయకండి. ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చి మండించుకుంటూ పరుగు అందుకుంటే స్టాప్ నాబ్ లాగినా ఆగదు. గాలి పీల్చే చోట చెక్క పలక అడ్డం పెట్టి గాలి ఆపాలి, చెయ్యి పెట్టకూడదు. అది కుదరకపోతే దూరంగా పరిగెత్తండి.
- గ్లో ప్లగ్గులు (స్టార్ట్ చేసేముందు సిలిండర్ లోపల వేడి చేసేవి) ఉన్న ఇంజన్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టకండి.
- మూసిన షెడ్డులో ఇంజన్ తిప్పకండి. తలుపులు తెరిస్తే చాలదు, పొగ గొట్టం బయటికి ఉండాలి.
- పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి తొమ్మిది. కండువా, చున్నీ, వదులు చొక్కా అంచు దొరికితే లాగేసుకుంటుంది. తిరుగుతుండగా గ్రీజు కొట్టకండి. గార్డు పగిలితే మార్చండి, వైరుతో కట్టి సరిపెట్టకండి.
- ఫ్యాన్ బెల్టు ఇంజన్ ఆపాకే నొక్కి చూడాలి.
- వెల్డింగ్ ఉంటే ముందు బాటరీ వైర్లు తీయండి, డీజిల్ చిందిన చోటు తుడవండి. రోల్ బార్‌కి (బండి తిరగబడితే నడిపేవాళ్లని కాపాడే, సీటు వెనక ఇనుప చట్రం) రంధ్రం వేయకండి, వెల్డింగ్ చేయకండి, దాని బలం పోతుంది.
- చక్రం ఊడదీసి బిగించాక మొదటి కొన్ని గంటలు నడిపి నట్లు మళ్లీ బిగించండి.
- పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. సాయం చేస్తామన్నా వద్దు. మొదట్లో చెప్పిన ఆయన చెయ్యి అలాగే నలిగింది, వాళ్లబ్బాయి ఇప్పుడు అన్నం సరిగ్గా తినడం లేదు.
- సాయానికి పెద్దవాళ్లు ఉంటే, మీరు కింద ఉన్నంతసేపూ బండి ఎక్కకూడదని, లివర్ల జోలికి పోకూడదని నోటితో చెప్పండి, వాళ్ల నోటితో చెప్పించుకోండి.
- టిప్పర్ ట్రాలీ ఎత్తి దాని కింద గ్రీజు కొట్టేవాళ్లకి కూడా ఇదే. ట్రాలీ జాకీ అయినా ముందు లోడర్ బకెట్ అయినా ఆయిలే మోస్తోంది. కింద ఊత పెట్టి, దాని మీదకి దించి, ఆ తర్వాతే దూరండి.
- బ్లేడ్లకి చుట్టుకున్న తాడు ఒక్కటే, అర నిమిషం పని, దానికి స్టాండు ఎందుకు అనిపిస్తుంది చూడండి, అప్పుడు కూడా పెట్టండి. ఆయన దూరింది ఆ అర నిమిషం పనికే.