యాడ చూసినా యాడ్సే, నాకెట్లా తగ్గిందంటే (నా అనుభవం)

ఫోన్‌లో యాడ్స్ ఎట్లా తగ్గించుకోవాలని అనంతపురంలో మావోళ్లు అడుగుతాండారు, అందుకే రాస్తున్నా. ఫోన్‌లో బుడ్డల (వేరుశనగ) ఆకుమచ్చ తెగులు గురించి వెతికితే అన్నీ మందులమ్మే యాడ్సే, అసలు సంగతి యాడో అడుగున. హిస్టరీ చెరిపినా, ఫోన్ రీసెట్ కొట్టినా అంతే.

చివరికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసుకుని, మూడు చుక్కలు నొక్కి, ఎక్స్‌టెన్షన్స్‌లోకి పోయి యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్స్ ఆపేది పెట్టినా (పేరు సరిగ్గా చూసుకోండప్పా, ఉత్త యూబ్లాక్ వేరే), తర్వాత దాని సెట్టింగ్స్‌లో ఫిల్టర్ లిస్ట్స్ (ఏమేం ఆపాలో చెప్పే జాబితాలు) తెరిచి, కుకీ నోటీసెస్, అనాయన్సెస్ (విసిగించేవి) కింద ఉండేవాటికి టిక్ పెట్టి, పైన అప్లై చేంజెస్ నొక్కినా. అది నొక్కకుంటే ఏం మారదు, నేను రెండు దినాలు అట్లే కూర్చున్యా. సైట్ తెరవంగానే కుకీలకు ఒప్పుకోమని అడిగే పాపప్‌లు కూడా శానా తగ్గినాయి.

నాది ఆండ్రాయిడ్, ఐఫోన్ ఫైర్‌ఫాక్స్‌లో ఇది పడదు. వేరే యాప్‌ల లోపలొచ్చే యాడ్స్ కూడా పోవు. దుడ్లిచ్చి రాయించుకున్న రాతలైతే ఇంకా అట్లే కనపడతాండాయి, వాటికి నా దగ్గర మందు లేదు.