పటంలో పైన అంటే ఎత్తు కాదు: పిల్లలకు మ్యాపు చదవడం ఇలా నేర్పండి

సాయంత్రం నా దగ్గరికి సోషల్ చెప్పించుకోవడానికి వచ్చే పిల్లలను మొదటిరోజు ఒక్కటే అడుగుతాను: శ్రీశైలానికి, నాగార్జునసాగర్‌కు మధ్య కృష్ణ ఎటు నుంచి ఎటు పారుతుంది? గోడకు మ్యాపు ఉంటుంది, లేచి చూసుకోవచ్చు. మ్యాపులో శ్రీశైలం కింద ఉంటుంది, సాగర్ దానికి పైన, కొంచెం కుడిపక్కకు ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా సాగర్ నుంచే శ్రీశైలానికి నీళ్లు పోతాయని గట్టిగా చెబుతారు, ఎందుకంటే నీళ్లు కిందికే కదా సార్ పారేది అంటారు. వాళ్లు ఆలోచించారు, అది మంచిదే. పటంలో పైభాగం ఉత్తరం అని బట్టీ పట్టించారు గానీ ఎత్తుకూ దానికీ సంబంధం లేదని ఎవరూ విడమరిచి చెప్పలేదు. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590 అడుగులు. కాగితం మీద నది ఈశాన్యానికి, అంటే పైకి ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది, నేల మీద మాత్రం పల్లానికే దిగుతుంది. ఈ ముడి విప్పితే మిగతాదంతా పిల్లలకు తొందరగా వస్తుంది. నేను ఏ వరుసలో చెబుతానో రాస్తున్నాను, ఇంట్లో మీ పిల్లలతో చేసి చూడండి.

ముందు దిక్కులు, అవీ ఇంటి బయట. ఫోనులో కంపాస్ ఉంటుంది కానీ దాన్ని చివర సరిచూసుకోవడానికి దాచండి. వాకిట్లో ఎండ పడే చోట ఒక మూరెడు కట్టెను నిటారుగా పాతి, దాని మొదట్లో తాడు కట్టి, కట్టె ఎంత పొడవో అంత దూరంలో చుట్టూ సున్నంతో గుండ్రంగా గీయండి. పొద్దున నీడ పొడుగ్గా ఉండి తగ్గుకుంటూ వస్తుంది, దాని కొస గుండ్రాన్ని తాకిన చోట ఒక రాయి పెట్టండి, మధ్యాహ్నం దాటాక నీడ పెరిగి మళ్లీ గుండ్రాన్ని తాకిన చోట ఇంకో రాయి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు, ఆ రెంటినీ కలిపే గీతకు నిలువుగా గీసింది ఉత్తర దక్షిణం. ఒక్క రోజు పని, పిల్లలు జన్మలో మరచిపోరు.

ఇదే కట్టెతో అక్షాంశాలు కూడా చెప్పేయొచ్చు. నల్లగొండ పట్నం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ ఇంకాస్త దక్షిణంగా ఉంది. అందుకే మనకు సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్యలో మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా కాలమంతా ఉత్తరానికే. జూన్‌లో బడులు తెరవగానే ఇది చూపిస్తే కర్కట రేఖ పాఠం సగం అయిపోయినట్టే. నడినెత్తి సమయం గడియారంలో సరిగ్గా 12 కాదు, ఎందుకంటే మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది, నల్లగొండ 79¼ దగ్గర ఉంది, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సగటున 13 నిమిషాలు ఆలస్యం.

తర్వాత స్కేలు. ఇది చాలామందికి టెన్షన్ పెట్టే భాగం, కానీ అంగలతో కొలిపిస్తే సులువే. రోడ్డు మీద టేపుతో 20 మీటర్లు కొలిచి, పిల్లవాడు మామూలుగా నడిస్తే ఎన్ని అంగలు పడతాయో లెక్కపెట్టించండి. 40 పడితే అంగ అరమీటరు. ఇప్పుడు ఇంటి నుంచి చెరువుకట్ట దాకా నడిపించండి, 900 అంగలు వస్తే 450 మీటర్లు. ఒక సెంటీమీటరుకు 50 మీటర్లు, అంటే 1:5,000 అనుకుంటే నోటుబుక్కులో ఆ దారి 9 సెంటీమీటర్లు. దారి వంకర్లు తిరిగితే మ్యాపు మీద దారం పరిచి, తర్వాత దాన్ని స్కేలు మీద కొలవాలి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు, వాగులు, దారులు చూపే మ్యాపు) 1:50,000 స్కేలులో ఉంటుంది, అంటే సెంటీమీటరుకు 500 మీటర్లు, అదే దారి అందులో 9 మిల్లీమీటర్లే. పెద్ద అంకె ఉంటే చిన్న స్కేలు ఎందుకు అవుతుందో ఈ రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే వాళ్లకే తెలిసిపోతుంది. ఇంట్లో పొలం టిప్పన్ (పొలం కొలతల పటం) గానీ ఊరి నక్ష (ఊరి పటం) కాపీ గానీ ఉంటే అదీ బయటికి తీయండి. సొంత సర్వే నంబరు వెతుక్కునే పిల్ల పుస్తకంలో పటాన్ని కూడా అంతే శ్రద్ధగా చూస్తుంది, నేను చూశాను.

రంగులు, గుర్తులు పెద్ద కష్టం కాదు: పచ్చ అడవి, పసుపు సాగుభూమి, నీలం నీళ్లు, గోధుమరంగు గీతలు ఎత్తు. ఒక్కటి మాత్రం చెప్పండి, పాత టోపోషీట్లలో ఏడాది పొడుగునా పారని వాగులను నల్లగీతలతో చూపిస్తారు, కాబట్టి మన వాగులు చాలావరకు నల్లగానే కనిపిస్తాయి. నల్లగీత కనిపించగానే రోడ్డు అనుకోవద్దు.

ఇక ఆ గోధుమరంగు గీతలు, కాంటూర్లు, సమోన్నత రేఖలు. నన్నడిగితే భూగోళంలో ఇంతకంటే విలువైన పాఠం లేదు, దీన్నే చాలాచోట్ల ఒక పిరియడ్‌లో ముగిస్తారు. దీనికి చెరువును మించిన పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు. వానకాలం పోయి నీళ్లు తగ్గేటప్పుడు పిల్లలను కట్ట మీదికి తీసుకెళ్లండి. నీళ్లు దిగేకొద్దీ శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, బురద మీద మెట్లు మెట్లుగా చారలు మిగులుతాయి, ఒక్కో చారలో ఎండిన నాచు, పుల్లలు, చిన్న గుల్లలు వరుసగా ఆగి ఉంటాయి. నీటి అంచు ఎక్కడైనా ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి ఆ చార మీద ఎంత దూరం నడిచినా మనం ఎక్కమూ దిగమూ. కాంటూరు గీత అంటే అచ్చంగా అదే. శిఖం వైపు రెండు చారల మధ్య పది అంగల దూరం ఉంటుంది, కట్ట వైపు అవే చారలు జానెడు దూరంలో ఒకదానిమీద ఒకటి ఉంటాయి. గీతలు ఎడంగా ఉంటే వాలు తక్కువ, దగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఈ మాట మీరు చెప్పక్కర్లేదు, కాళ్లకే తెలుస్తుంది. టోపోషీటులో ఈ గీతలు 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. చెరువు దగ్గర లేనివాళ్లు తొట్టిలో పెద్ద రాయి పెట్టి, రెండు వేళ్ల ఎత్తు చొప్పున నీళ్లు పోస్తూ ప్రతిసారీ అంచు వెంబడి చాక్‌పీసుతో గీత గీసి, నీళ్లు పారబోసి పైనుంచి చూస్తే నల్లగొండలోని లతీఫ్‌సాబ్ గుట్ట మ్యాపులో ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది.

ఇది వచ్చాక మన ఉమ్మడి నల్లగొండ జిల్లా మ్యాపు ముందు కూర్చోండి. సాగర్ ఎడమ కాలువ ఎక్కడెక్కడికి పోయిందో వేలితో చూపించండి: మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ. ఎడమ అంటే నది పారే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి పక్క, ఇది కూడా అడగండి, చాలామంది తప్పు చెబుతారు. మరి దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు వైపు ఆ కాలువ ఎందుకు పోలేదు? మ్యాపులో దూరం చూస్తే దేవరకొండ సాగర్‌కు దగ్గరే. ఎత్తు చూస్తే ఆ నేలలు సాగర్ నీటిమట్టంకంటే మీదున్నాయి, మోటార్లతో ఎత్తిపోస్తే తప్ప నీళ్లు అటు ఎక్కవు. కాలువ నీళ్లు లేని చోట జనం బోర్ల మీదే బతికారు. మనది గ్రానైటు రాయి, అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి, లోతు బోర్లలో రాతి పగుళ్ల మధ్య ఏళ్లతరబడి నిలిచిన నీళ్లలోకి అది కరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటిన నీళ్లు తాగి ఎంతమంది ఎముకలు వంగిపోయాయో మన దగ్గర పిల్లలకు వేరే చెప్పాల్సిన పని లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. పర్యావరణం పాఠంలో భూగర్భజలం, కాలుష్యం అని విడివిడిగా చదివే మాటలు ఇక్కడ ఒకే మ్యాపులో కలుస్తాయి. ఊరి చెరువు నిండితే చుట్టూ బావుల్లోకి కొత్త నీరు దిగుతుంది, లోతు బోరు అవసరం తగ్గుతుంది, అందుకే చెరువులోకి నీళ్లు వచ్చే కాలువ పూడిపోతే అది మ్యాపులో గుర్తించాల్సిన విషయమే.

మ్యాపు ఏ ఏడాదిదో కూడా చూడండి. 2016 అక్టోబరు 11కు ముందుదైతే అందులో సూర్యాపేట, యాదాద్రి నల్లగొండలోనే, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మహబూబ్‌నగర్‌లోనే ఉంటాయి. నారాయణపేట 2019లో విడిగా జిల్లా అయింది. పరీక్షకు పాత మ్యాపు మీద సాధన చేస్తే జిల్లాల హద్దులు తప్పుతాయి.

చివరగా, మీ చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు ఎటు పోతాయో వేలితో చూపించమనండి. కింది ఊరి చెరువు ఏది, అది నిండితే ఏ వాగు, ఆ వాగు మూసీలో కలిస్తే వాడపల్లి దగ్గర కృష్ణలోకి, డిండిలో కలిస్తే సాగర్‌కు ఎగువనే కృష్ణలోకి. పాలమూరు వైపు దుందుభి అని పిలిచేది ఈ డిండినే. పిల్ల ఎక్కడైనా ఆగిపోతే మీరు చెప్పకండి, ఆదివారం ఆ అలుగు దాకా ఇద్దరూ నడిచి వెళ్లి చూసి రండి.