రబ్బరు కుచ్చు కట్టాకే కత్తిరించండి
చేపలు పట్టే జిగ్‌కి (బరువైన లోహపు తల ఉన్న గాలానికి) రబ్బరు కుచ్చు కట్టేటప్పుడు పోగుల్ని ముందే కొలిచి కత్తిరించకండి. పోగులు అతుక్కుని ఉండే రబ్బరు పట్టీని పొడవుగానే ఉంచి, జిగ్ మెడ చుట్టూ సమంగా పరిచి, సన్నని రాగి తీగతో నాలుగైదు చుట్లు బిగించండి. రబ్బరు రింగు నాకు నచ్చదు, ఎండకి పెళుసెక్కి తెగితే కుచ్చంతా నీళ్లపాలే. అలాగని తీగ మరీ లాగితే పోగులే తెగుతాయి. కట్టాక చివర్లు సాగదీసి పట్టుకుని, పదునైన కత్తెరతో కత్తిరించండి. అతుక్కున్న పోగులు టప్పున విడిపోతాయి. పొడవులు కాస్త హెచ్చుతగ్గులుగా వస్తాయి, నీళ్లలో ఆ కదలికే బాగుంటుంది. మిగిలిన రబ్బరుకి టాల్కం పౌడర్ అద్ది, వెలుతురు తగలకుండా దాచండి. మెత్తని ప్లాస్టిక్ ఎరలున్న డబ్బాలో మాత్రం అస్సలు పెట్టొద్దు, వాటి నూనె తగిలితే రబ్బరు జిగురుజిగురై పాడైపోతుంది.